మూడు పులులు, పదిహేను మేకలు

మా ఇంట్లో యుద్ధం మొదలై పదకొండు రోజులయింది. కంగారు పడకండి, అత్తాకోడళ్ల యుద్ధం కాదు. అది ఏనాడో చల్లారిపోయింది. ఆవిడ ఉద్యోగం హైదరాబాదులో, నా కాపురం నరసరావుపేటలో. అంత దూరాన్నుంచి పోట్లాడుకోవాలంటే ఇద్దరికీ ఓపిక ఉండొద్దూ?

ఇది మా మనవడి యుద్ధం. వేసవి సెలవులకు వచ్చాడు. పన్నెండేళ్లు నిండాయి. బళ్లో పేరు బారెడు పొడుగుందిగాని, ఇంట్లో మాత్రం బుజ్జిగాడే. దిగిన మర్నాటి నుంచీ ల్యాప్‌టాప్ ముందు కూచుని, పొద్దున టిఫిను వేళకి కోటలు కడతాడు, మధ్యాహ్నం భోజనం వేళకి వాటిని ఎవరో వచ్చి కూలగొడతారు. కూలినప్పుడల్లా వాడి ముఖం చూడాలి, నిజంగానే రాజ్యం పోయినవాడల్లే ఉంటుంది. ఆవకాయ కలిపి ముద్దలు చేసి పెట్టినా గొంతు దిగదు.

"పల్నాటి గడ్డ మీద పుట్టినవాడికి కత్తిపీట పట్టుకోవడం రాదుగాని, కత్తియుద్ధాలట" అని మావారు పేపరు చాటునుంచి ఒక బాణం వేశారు. ఆయన లెక్కల మేస్టారుగా రిటైరయ్యారు. ఏ ఆటైనా ఆయనకు కాలహరణం కిందే లెక్క. ఆ మాట వాడు వినిపించుకోలేదు. నాకు మాత్రం ఎందుకో మనసాగక వాడి పక్కన పీట వేసుకు కూచుని, బీరకాయ పొట్టు తీస్తూ, "ఏందిరా అది, నాకూ కాస్త చెప్పు" అన్నాను.

పిల్లలకు మనం చెప్పింది వినడం కష్టంగాని, వాళ్లు చెప్పేది మనం వింటామంటే ఎక్కడలేని ఉత్సాహం. గంటసేపు చెప్పాడు.

ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. అందులో ఈ రెండో భాగం 1999లో వచ్చిందట, అంటే వాళ్ల నాన్న కాలేజీ రోజుల్లో. ఇప్పటికీ కొత్త కొత్త హంగులతో ఆడుతూనే ఉన్నారు. నడి యుగాల నాటి రాజ్యాల మధ్య పోరాటం. నాకు బాగా నచ్చిందేమిటంటే, యుద్ధమంటే మొదటే కత్తులూ బల్లేలూ ఉండవు. మొట్టమొదట ఊరి నడుమ ఒక పెద్ద లోగిలి, ముగ్గురు పనివాళ్లు, దారి వెతికే ఒక రౌతు, మేసే నాలుగు గొర్రెలు. అంతే సంసారం. పనివాళ్లు తిండి పోగెయ్యాలి, కట్టెలు కొట్టాలి, బంగారం తవ్వాలి, రాయి తియ్యాలి. అయిదుగురికొక ఇల్లు చొప్పున కట్టుకోవాలి. ఇల్లు చాలకపోతే కొత్త మనిషి పుట్టడు. సిపాయిని తయారు చెయ్యాలంటే ముందు గాదె నిండాలి.

"ఇదంతా నాకు తెలిసిందే కదురా" అన్నాను. "నలభై ఏళ్లుగా నేనాడుతున్న ఆట ఇదే. ఒకటో తారీఖున మీ తాతయ్య తెచ్చే జీతం, కందిపప్పు, కిరసనాయిలు, మీ నాన్న ఫీజు. ఒకదానికి ఎక్కువ పెడితే ఇంకొకటి తగ్గుద్ది."

"అదే నాయనమ్మా! కరెక్టుగా అదే!" అని గంతేశాడు. పేపరు చాటున చిన్న దగ్గు వినిపించింది.

ఇక సైన్యం సంగతి. ఈటెవాడు ఒకడు తయారవాలంటే ముప్ఫై అయిదు పాళ్ల తిండి, పాతిక పాళ్ల కట్టెలు. బంగారం అక్కర్లేదు, చవక మనిషి. విలుకాడికి పాతిక కట్టెలు, నలభై అయిదు బంగారం. ఇనప కవచం తొడుక్కుని పెద్ద గుర్రమెక్కి వచ్చే రౌతుకు అరవై తిండి, డెబ్భై అయిదు బంగారం. చూడ్డానికి దర్జా ఆ రౌతుదే. కాని కిటుకు ఏమిటంటే, ఎవడూ అందరినీ గెలవలేడు. రౌతు విలుకాణ్ణి తొక్కేస్తాడు. విలుకాడు దూరాన్నుంచే ఈటెవాణ్ణి పడగొడతాడు. ఆ ఈటెవాడు, చవకవాడు, గుంపుగా నిలబడితే రౌతును గుర్రంతో సహా పొడిచి పారేస్తాడు. ఎదుటివాడు ఏం తెస్తున్నాడో చూసి మనం దానికి తగ్గవాళ్లను తయారు చేసుకోవాలి. చిన్నప్పుడు మనం చెప్పుకున్న కథ గుర్తుందా? ఎలుక పిల్లకు మొగుణ్ణి వెతికితే సూర్యుడికంటే మబ్బు గొప్ప, మబ్బుకంటే గాలి గొప్ప, గాలికంటే కొండ గొప్ప, కొండకంటే ఎలుక గొప్ప అని తేలుతుందే, అదే లెక్క.

"మరి నువ్వెందుకు ఓడిపోతున్నావు?" అన్నాను.

వాడు కాస్త సిగ్గుపడి, "నాకు రౌతులంటే ఇష్టం నాయనమ్మా. అందుకని అందర్నీ వాళ్లనే చేస్తాను" అన్నాడు.

అదీ సంగతి! పెళ్లి భోజనానికి అన్నీ జిలేబీలే వడ్డించినట్టు. చారు లేదు, మజ్జిగ లేదు. అవతలివాడు చవకవాళ్ల గుంపును పంపితే మనవాడి బంగారమంతా మట్టిలో కలిసింది.

ఇందులో మన దేశపు రాజ్యాలు లేవా అని అడిగాను. 2022 ఏప్రిల్‌లో కొత్తగా ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులు చేరారట. మా పల్నాడు జిల్లా నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది కూడా సరిగ్గా ఆ నెలలోనే. ఆ ద్రావిడులకు కవచం తొడిగిన ఆ పెద్ద రౌతులు అసలే లేరట. కాల్బలమూ, ఏనుగుల మీద విలుకాళ్లూ ఉన్నారు. అది నిజమే మరి. మన దక్షిణాదిలో మేలుజాతి గుర్రాలు పుట్టవు, అరబ్బు దేశాల నుంచి ఓడల మీద తెప్పించుకోవలసిందే. వాటికోసం మన రాజులు ఎంత డబ్బు తగలేశారో మార్కోపోలో కూడా రాశాడు. ఇంకొక తమాషా, ఆ ద్రావిడులకు 'వూట్జ్ స్టీలు' అని ఒక విద్య ఉందట, దాంతో ఎలాంటి కవచమైనా లెక్కలేదట. అది మన 'ఉక్కు' అనే మాటే, తెల్లవాడి నోట్లో పడి అలా వంకర తిరిగింది. మన వంటింటి కత్తిపీటకి అంత చరిత్ర ఉందని చెబితే మావారు పేపరు దించి చూశారు.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వేసవిలో మాకది మామూలే. ల్యాప్‌టాప్‌లో ఉన్న కాస్త ప్రాణమూ పోయింది. బుజ్జిగాడు ముఖం వేలాడేసుకుని వరండాలోకి వచ్చాడు. మా వరండాలో నాపరాళ్లు పరిచి ఉంటాయి, మాచర్ల వైపు నుంచి వచ్చిన బండలు. ఎంత ఎండలోనైనా కాళ్లకు చల్లగా ఉంటాయి. నేను సుద్దముక్క తెచ్చి బండ మీద త్రికోణం గీశాను. శిఖరం నుంచి కిందికి గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు. డబ్బాలోంచి పదిహేను చింతపిక్కలు తీశాను. మూడు గులకరాళ్లు ఏరుకొచ్చాను.

"ఇది మన ఏజ్ ఆఫ్ ఎంపైర్సు" అన్నాను. "దీనికి కరెంటు అక్కర్లేదు."

పులి మేక. పులిజూదమని కూడా అంటారు. మీలో చాలామంది ఆడే ఉంటారు. పాత గుళ్ల మండపాల్లో నేలబండల మీద ఈ గీతలు చెక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా దూకి, దాని వెనక చోటు ఖాళీగా ఉంటే అందులో వాలుతుంది. మేక చస్తుంది. మేకలు ఎవర్నీ చంపలేవు. అవి చెయ్యగలిగిందల్లా పులులు కదలకుండా చుట్టూ కట్టెయ్యడమే.

"ఇది అన్యాయం" అన్నాడు బుజ్జిగాడు. "ఒకళ్లకి చంపే పవరుంది, ఇంకొకళ్లకి లేదు."

"లోకమెట్టా ఉందో ఆటా అట్టాగే ఉంది. నీకేం కావాలి?"

"పులులు!" అన్నాడు. అనడా మరి!

మూడాటలాడాం. మూడూ నేనే గెలిచాను. నాకు మా అమ్మమ్మ నేర్పిన ఎత్తులు అవి. మొదట మూలలు కట్టుకో, మూలనున్న మేకను ఏ పులీ తినలేదు, దాని వెనక వాలడానికి చోటుండదు కనక. ఒంటిమేకను నడి మధ్యలో పెట్టకు. ఒకటి పోతే పోనీ, దానికోసం రెండోదాన్ని బలి చెయ్యకు. పదిహేను మేకలూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు, కనక తొందరపడి లాభం లేదు. అన్నిటికంటే ముఖ్యం, మేక వెనక మేక ఉంటే చాలు, ఎంత పులి అయినా చూస్తూ కూచోవలసిందే.

నాలుగో ఆటకు వాడే, "మేకలు నాకివ్వు నాయనమ్మా" అన్నాడు. ఓడిపోయాడనుకోండి, కాని సంతోషంగా ఓడిపోయాడు. మర్నాడు ల్యాప్‌టాప్‌లో రౌతులను తగ్గించి ఈటెవాళ్లను ముందుంచి, వాళ్ల వెనక విలుకాళ్లను నిలబెట్టాడు. గెలిచాడు. ఆ కేక వీధి చివరి కిళ్లీకొట్టు దాకా వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత చదరంగం బల్ల కూడా దిగింది. అక్కడో పేచీ. వాడు ఆ పెద్ద కాయను 'క్వీన్' అంటాడు, నేను 'మంత్రి' అంటాను. రాజు పక్కనుండి అన్ని వైపులకూ పోగలిగేది రాణియా, మంత్రియా? మా పల్నాట్లో ఈ తగువుకు తావే లేదు. మాకు ఆడదే మంత్రి! గురజాల రాజు నలగాముడి కొలువులో నాగమ్మ. ఆ కుర్చీలో ఒక ఆడమనిషి కూచున్న పాపానికి ఎనిమిది వందల ఏళ్లకు పైగా తిట్లు తింటున్నది పాపం. 1966లో వచ్చిన సినిమాలో రామారావుగారు బ్రహ్మనాయుడయితే భానుమతిగారు నాగమ్మ. భానుమతిగారు కనక తిట్లతోపాటు చప్పట్లు కూడా పడ్డాయి. ఇప్పుడు మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరయినా, కోనేరు హంపి రెండుసార్లు ర్యాపిడ్‌లో ప్రపంచ విజేతయినా, మా నాగమ్మకు కాస్త ఊరటగా ఉంటుందని నా నమ్మకం.

బుజ్జిగాడికి పల్నాటి యుద్ధం కథ తెలియదు. నాకు సిగ్గేసింది, వాడు పరాయి దేశపు రాజుల పేర్లన్నీ గడగడా చెబుతాడు మరి. ఆ రాత్రి డాబా మీద చాపలేసుకుని చెప్పడం మొదలెట్టాను. శ్రీనాథుడు రాశాడనే పల్నాటి వీరచరిత్రను 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చు వేయించారు. అంతకుముందూ ఆ తర్వాతా కూడా వీరవిద్యవంతులు పాడగా విన్నవాళ్లే ఎక్కువ. నేనూ మా ఊళ్లో అలా విన్నదాన్నే.

పన్నెండో శతాబ్దం చివరి మాట. అనుగురాజు కొడుకులు, సవతి తల్లుల బిడ్డలు. రాజ్యం పంచుకున్నారు. నలగామరాజుకు గురజాల, మలిదేవుడికి మాచర్ల. ఇటు మంత్రి బ్రహ్మనాయుడు, అటు మంత్రి నాగమ్మ. ఇరువైపులా కోడిపుంజులు దిగాయి. పందెంలో ఓడిన మలిదేవుడి వర్గం ఏడేళ్లు ఊళ్లు విడిచిపోవాలని ఒప్పందం. ఓడారు, పోయారు. గడువు తీరాక వచ్చి మా వాటా మాకిమ్మంటే ఇవ్వలేదు. భారతంలో పాచికలు, ఇక్కడ కోళ్లు. అంతే తేడా.

"బ్రహ్మనాయుడి సైన్యంలో ఎవరెవరున్నారు?" అన్నాడు బుజ్జిగాడు. వాడికి ముందు అది కావాలి.

మంచి ప్రశ్నే. నిజానికి ఆ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక చాప మీద కూచోబెట్టి ఒకే కూడు వడ్డించాడు. చాపకూడు అంటారు దాన్ని. మాల కన్నమదాసును దండనాయకుణ్ణి చేశాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట. ఈనాటికీ పక్కపక్కన కూచుని తినడానికి ముఖాలు చిట్లించేవాళ్లు ఉన్నారు కదా! రాజనీతి సంగతి నాకు తెలియదుగాని, వంట చేసి వడ్డించేదానిగా ఒకటి తెలుసు. ఒక విస్తట్లో తిన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడతారు. మేక వెనక మేక. అదే ఆయన సైన్యం.

"అయితే గెలిచి ఉంటారు" అన్నాడు వాడు.

ఏం చెప్పను? రాయబారానికి అలరాజును పంపారు. అతను నలగామరాజుకు స్వయానా అల్లుడు. అతణ్ణి విషం పెట్టి చంపించారని కథ. అయినా మళ్లీ సంధి మాటలు నడిచాయి. పెద్దవాళ్లు మెత్తబడ్డారు. ఆ సంధి గిట్టనివాడు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. పసివాడు. బొంగరాలాడుకుంటుంటే, ఆ బొంగరం ఒక ఇల్లాలి కాలికి తగిలి, అక్కడ నీ వాళ్లు యుద్ధానికి పోతే నువ్విక్కడ ఆడుకుంటున్నావా అని ఆవిడ దెప్పితే కారెంపూడికి వచ్చినవాడు. తల్లి ఐతాంబ ఆపలేకపోయింది. భార్య మాంచాల వీరతిలకం దిద్ది పంపింది. సంధి నాకొద్దని ఆ కుర్రాడు దూకాడు. ఇక ఎవరూ ఆగలేదు. నాగులేటి ఒడ్డున ఇరువైపులా వీరులంతా పడిపోయారు. చివరికి బ్రహ్మనాయుడు అన్నీ వదులుకుని గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు.

బుజ్జిగాడు చాలాసేపు చుక్కల కేసి చూస్తూ పడుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాయనమ్మా, పదిహేను మేకలూ దిగకముందే ఒకడు కదిలాడు."

నాకు నోట మాట రాలేదు. పంతులమ్మను కాకపోయినా పాఠం ఒంటబట్టిన శిష్యుణ్ణి చూస్తే కలిగే సంతోషం కలిగింది. అంతలోనే వాడు రెండో ప్రశ్న వేశాడు.

"మనకి కారెంపూడిలో ఇల్లుందంట కదా. మనమెందుకు వెళ్లం?"

పక్క మంచం మీద మావారు అటు తిరిగి పడుకున్నారు. నిద్రపోలేదని నాకు తెలుసు.

చెప్పక తప్పదు మీకు. కారెంపూడి మా అత్తవారి ఊరు. మావారూ, మా మరిదీ ఇద్దరే అన్నదమ్ములు. మామగారు పోయాక ఇల్లు రెండు వాటాలు వేశారు. పొలం దగ్గర పేచీ రాలేదు, బంగారం దగ్గర రాలేదు. పెరట్లోకి వెళ్లే మూడడుగుల సందు దగ్గర వచ్చింది. అది మాదంటే మాదన్నారు. ఊరి పెద్దలు వచ్చారు, టేపు పెట్టి కొలిచారు. లెక్కల మేస్టారు గారు కదా, అంగుళాలతో సహా లెక్క చెప్పారు. ఆ మాటల వేడిలో తమ్ముడు, "నువ్వు చిన్నప్పట్నించీ అంతే" అన్నాడు. అన్నగారు తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చేశారు. పదకొండేళ్లయింది. ఆ సందులో ఇప్పుడు ఇద్దరూ నడవరు, పల్లేరుకాయలు మొలిచాయట.

ఈ పదకొండేళ్లలో రెండు వైపులా బలగాలను సమకూర్చుకోకుండా లేం. బలగమంటే మన తెలుగులో సైన్యమనీ అర్థమే, చుట్టాలనీ అర్థమే. ఆడపడుచు ఎటు, మేనమామ కొడుకులు ఎటు, ఏ పెళ్లికి ఎవరిని ముందు పిలిచారు, ఏ శుభలేఖ మీద ఎవరి పేరు పడలేదు. నేనేమీ తక్కువ తినలేదు. నా పుట్టింటివాళ్లను ఈటెవాళ్లల్లే ముందు నిలబెట్టాను. తోటికోడలు ఏ పేరంటంలోనైనా కనబడితే గోడనున్న క్యాలెండరు చూసేదాన్ని. ఆవిడా అంతే. తిథివార నక్షత్రాలు మా ఇద్దరికీ తెలిసినట్టు పురోహితుడిక్కూడా తెలియవేమో!

సెలవులైపోయి బుజ్జిగాడు వెళ్లిపోయాడు. వాడి ప్రశ్న మాత్రం వెళ్లలేదు. రోజూ సాయంత్రం ఆ సుద్దగీతలు చూస్తూ అనుకునేదాన్ని, ఇక్కడ మేకలెవరు, పులులెవరు అని. ఇద్దరు అన్నదమ్ములూ పులులమనే అనుకుంటున్నారు. పులులు రెండే ఉండి మేకలే లేకపోతే అది ఆటేమిటి? ఒట్టి బండ.

కార్తీకమాసం వచ్చింది. మా కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ యుద్ధమంతా మళ్లీ జరిగినట్టే జరుపుతారు. వీరుల గుడి దగ్గర కొణతాలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు వస్తారు. ఆ ఏడు రెండు రోజుల సెలవు కలిసొచ్చి బుజ్జిగాడు వచ్చాడు.

"మేం తిరునాళ్లకు వెళ్తున్నాం" అన్నాను మావారితో.

"వెళ్లండి. గుడికే కదా" అన్నారు, పేపరు దించకుండా.

"గుడికీ వెళ్తాం" అన్నాను. ఆ దీర్ఘం ఆయనకు వినిపించే ఉంటుంది. ఏమీ అనలేదు.

మేం వెళ్లిన రోజు రాయబారం. ఏరి కోరి ఎంచుకున్నాననుకోకండి, బస్సు ఆ రోజుకు దొరికింది. కాకపోతే ఇంకో బస్సు కూడా ఉందని ఒప్పుకుంటాను. గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. దణ్ణం పెట్టుకుని బయటికొచ్చి, సంచిలో ఉన్న అరిసెల డబ్బా ఒకసారి తడిమి చూసుకుని, మా వీధి వైపు నడిచాను. మెట్ల దగ్గర కాళ్లు వణికాయంటే నమ్మండి. అరవై రెండేళ్ల మనిషిని! అలరాజు గుర్తొచ్చాడు. మా తోటికోడలు విషం పెట్టదనుకోండి, కాని "ఎవరు కావాలి?" అంటే మాత్రం నేనక్కడే చచ్చేదాన్ని.

ఆవిడ వాకిట్లో ముగ్గు సరిదిద్దుతోంది. తలెత్తింది. ఇద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. చూడ్డానికి అక్కడ క్యాలెండరు కూడా లేదు.

"ఎండన పడి వచ్చావు, అక్కా. లోపలికి రా" అంది. అంతే. పదకొండేళ్లుగా నేను అనుకుని పెట్టుకున్న జవాబులన్నీ ఒక్కటీ పనికి రాలేదు. ఆవిడ జుట్టు నాకంటే ముందు నెరిసింది. నాకు ఎవరూ చెప్పలేదు.

ఆవిడ కాఫీ పెట్టడానికి వెళ్లింది. ఇంతలో అరుగు మీంచి బుజ్జిగాడి కేక. "నాయనమ్మా! ఇక్కడ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్!"

అరుగు చివరి నాపబండ మీద ఎప్పుడో మా మామగారి తాతల కాలంలో ఎవరో ఉలితో చెక్కించిన పులిమేక గీతలు. మావారూ, మరిదీ చిన్నప్పుడు ఆడింది దానిమీదే. వాటాల్లో ఆ బండ వాళ్ల వైపు పోయింది. సందు కోసం అన్ని మాటలన్న మావారు ఆ బండ గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అయితే మా వరండాలో నేను సుద్దతో గీసిన గీతలను ఆరు నెలలైనా ఆయన చెరపనియ్యలేదు. ఆ రెంటినీ కలిపి చూసుకోవాలన్న తెలివి నాకు అప్పుడు వచ్చింది.

మా మరిది పడక్కుర్చీలోంచి లేచి వచ్చి బుజ్జిగాణ్ణి చూశాడు. అచ్చం వాళ్ల అన్న పోలికే కదా. కాసేపు నిలబడి, "ఆడతావంట్రా?" అన్నాడు. "మీ తాత పెద్దవాణ్ణని ఎప్పుడూ పులులే తీసుకునేవాడు. నాకు మేకలే. ఇవాళ పులులు నావి."

"నాకు మేకలే ఇష్టం, చిన్నతాతయ్యా" అన్నాడు వీడు.

ఆట మొదలైంది. అరగంటకి బుజ్జిగాడి మేకలు నాలుగు పోయాయి. అయిదోది ఇరుకున పడింది. వాడు నన్నడక్కుండా ఫోను తీశాడు. నేను కళ్లతోనే వద్దన్నాను. చూస్తేగా!

"తాతయ్యా, నా మేక చిక్కుకుంది. ఏం చెయ్యాలి?"

"ఎవరితో ఆడుతున్నావురా?" స్పీకరులో మావారి గొంతు.

"చిన్నతాతయ్యతో. మన బండ మీద."

అవతల చడీచప్పుడు లేదు. లైను తెగిపోయిందనుకున్నాను. లోపల కాఫీ గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. మా మరిది తన పులి మీద వేలు పెట్టి, అలాగే ఉంచేశాడు.

"పులులెక్కడున్నాయి?" అన్నారు మావారు చివరికి.

బుజ్జిగాడు చెప్పాడు. పై నుంచి రెండో గీత, ఎడమ కొస. ఒకటి నడుమ. ఒకటి శిఖరాన.

"ఎడమ మూల కట్టు. వాడు చిన్నప్పట్నించీ అంతే, ఎడమ నుంచే వస్తాడు."

నాకు గుండె ఆగినంత పనయింది. అదే మాట! పదకొండేళ్ల కింద ఇల్లు విడదీసిన మాట. మా మరిది ముఖం చూశాను. ఆయన బండ కేసే చూస్తూ, ఎవరితోనూ కాకుండా కాస్త గట్టిగా అన్నాడు. "చెప్పరా మీ తాతకి. మూల సంగతి నాకు కనిపించకపోలేదని."

"వినిపించిందిలే. ముందు ఆడమను" అన్నది ఫోను.

బస్సు వేళయ్యేదాకా ఆట తెమల్లేదు. మా తోటికోడలు బండ మీద కాయలు కదలకుండా బుట్ట బోర్లించింది. అరిసెల డబ్బా ఖాళీ చేసి, అందులో గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చింది. డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదని మా అత్తగారు మా ఇద్దరికీ నేర్పిన మర్యాద.

ఇదంతా చదివి, అన్నదమ్ములు కావలించుకున్నారనీ సందు గొడవ తీరిపోయిందనీ అనుకునేరు. అదేం లేదు. సందు అలాగే ఉంది, పల్లేరుకాయలూ అలాగే ఉన్నాయి. మావారు ఇంకా ఆ ఊరు వెళ్లలేదు. పోరు నష్టం, పొందు లాభం అని మనవాళ్లు సులువుగా అన్నారుగాని, పొందుకు ఒక రోజు చాలదు. అయితే మా వరండాలో సుద్దగీతల మీద చింతపిక్కలు ఒక పద్ధతిలో పేర్చి ఉంటున్నాయి. పనిమనిషి ఊడవబోతే మావారు ఊరుకోరు. రోజూ సాయంత్రం అయిదింటికి ఫోను మోగుతుంది. "నడుమనుంచి ఎడమకి" అంటుంది అవతలి గొంతు. అంతే, పెట్టేస్తారు. క్షేమసమాచారాలు ఏమీ ఉండవు.

నిన్న మాత్రం పెట్టెయ్యబోతూ మావారు ఆగి, "నీ మోకాలి నొప్పి ఎట్టా ఉందిరా?" అన్నారు.

నేను వంటింట్లో ఉన్నాను. బీరకాయ పొట్టు తీస్తూ మనసులోనే లెక్క పెట్టుకున్నాను. పదిహేనో మేక ఇప్పుడు దిగింది. ఇక కదలొచ్చు.